మొదటి నీళ్ళు

"ఆ డబ్బాలో ఇంకెంతుందో చూడు," అన్నాడు మహేంద్ర, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే. "ఆదివారం సంజీవరావు సార్ మనింటికొస్తున్నాడు. ఆకు టీ తాపిస్తానని మాటిచ్చినా."

రమణి కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. రాచర్ల బడి నుంచి ఆటోలో వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు. మాటిచ్చాడట! ఆకు తనది. నీళ్ళు కాచాల్సింది తను. కప్పులు కడగాల్సింది, పక్కన నంజుకోవడానికి వేడివేడిగా ఏదో ఒకటి వేయించి పెట్టాల్సింది, తిన్నాక ప్లేట్లు ఎత్తాల్సింది తను. మాట ఒక్కటి మాత్రం ఆయనది. మాటదేముంది, ఎన్నైనా ఇస్తాడు, నోటికి ఖర్చా?

చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళింది. షోకేసులో, ఇప్పుడు హాస్టల్లో ఉన్న కూతురు చిన్నప్పుడు పరుగుపందెంలో గెలిచిన కప్పు పక్కన, ఆకుపచ్చ డబ్బా ఉంది. మూత తీసి వంచి చూసింది. అడుగున కాస్త ఆకు మిగిలింది. గాజు కూజాకు ఒక్కసారికి సరిపోతుంది.

"ఒక్కసారికొస్తుంది," అంది.

"చాల్లే. సారు, నేను, మా వాకింగ్ వాళ్ళిద్దరు. నలుగురమేగా," అని ఆయన ఫోను తీసుకుని సోఫాలో కూలబడ్డాడు.

నలుగురేనట. ఇంట్లో రమణి అనే మనిషి ఒకతి ఉంది. లోపలి గదిలో మంచం మీద ఆయన కన్నతల్లి నాగరత్నమ్మ ఒకతి ఉంది. వాళ్ళిద్దరూ ఆ లెక్కలోకి రారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. కొత్తగా ఉన్నదల్లా, డబ్బా మూత పెడుతుంటే కడుపులోంచి పైకి లేచిన మంట. మధ్యాహ్నం బడిలో తిన్న పులిహోర అనుకుంది ముందు. కాదని వంకాయల దగ్గర కూర్చున్నాక తెలిసింది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. డార్జిలింగ్ కొండల మీద చలి పోయాక తేయాకు చెట్టు వేసే మొదటి చిగురు అది. కోసి ఆరబెట్టి అమ్ముతారు. ఏడాదికి ఒక్కసారే వస్తుంది. రమణి తన జీతంలోంచి తెప్పించుకుంది. ఈ ఏటి సరుకు అయిపోయిందని అమ్మేవాళ్ళ దగ్గర నుంచి ఫోనుకు మెసేజి కూడా వచ్చింది. అంటే డబ్బా అడుగున ఉన్నదే ఆఖరు. ఇంతా చేసి ఆ టీ ఎట్లా ఉంటుందో రమణికి తెలియదు. కొన్నది ఆమె. ఆదివారం ఆదివారం దాన్ని కాచి, వడకట్టి, కప్పుల్లో పోసి హాల్లోకి పంపింది ఆమె. ముక్కుకు తగిలిన ఆవిరి మాత్రమే ఆమెకు దక్కింది. మొదటి నీళ్ళు హాల్లోకి పోతాయి. తర్వాత అదే ఆకులో మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే రెండో నీళ్ళు ఆమెకు, అత్తకు. వేరే టీలు కొన్ని రెండో నీళ్ళకు కూడా బాగుంటాయి. ఈ లేత చిగురు మాత్రం ఉన్నదంతా మొదటిసారికే ఇచ్చేస్తుంది. రెండోసారికి కాస్త రంగు, వాసన ఉండీ లేనట్టు. ఇన్ని ఆదివారాల నుంచి ఆమె తాగుతున్నది అదే.

రెండో నీళ్ళతో రమణికి పరిచయం పెళ్ళయి వచ్చిన మర్నాడే అయింది. అప్పుడు కాపురం రాచర్ల అవతల పల్లెలో. ఇంటి ముందు గొర్రెల దొడ్డి, ఇంటి వెనక రెండు గేదెలు. పొద్దున్నే నాగరత్నమ్మ పెద్ద గిన్నెలో చిక్కటి పాలు, టీపొడి, చక్కెర వేసి ఎర్రగా మరిగించి, మామ పోలయ్యకు, కొడుకులకు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళకు గ్లాసుల్లో పోసేది. వాళ్ళంతా తాగి వెళ్ళాక, గిన్నె అడుగున మిగిలిన పిప్పిలో చెంబెడు నీళ్ళు పోసి, బెల్లం గడ్డ వేసి మళ్ళీ మరిగించేది. అది ఆడవాళ్ళ టీ. పేడ ఎత్తి, పాలు పితికి, కసువు ఊడ్చి వచ్చినవాళ్ళ టీ. రమణి గ్లాసు నోట పెట్టి వెంటనే దించేసింది. డిగ్రీ చదివిన పిల్ల. పుట్టింట్లో నాయన పక్కన కూర్చుని ఆయన తాగిన టీనే తాగిన పిల్ల.

"ఇదేందత్తా, ఇట్లుంది?" అని అడిగింది.

నాగరత్నమ్మ నవ్వింది. "అలవాటైతాదిలే ఏమ్మే. ఆడోళ్ళకు రెండో నీళ్ళే రుచి," అంది.

అలవాటైంది. అదే రమణికి ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. గ్లాసు దించిన దించినట్టే ఉంచాల్సింది. తాగనని చెప్పాల్సింది. టీచరుద్యోగం వచ్చి, గిద్దలూరులో ఇల్లు కట్టి, మామ పోయి, గొర్రెలను అమ్మేసి, ప్యాకెట్ పాలు, గ్యాసు స్టవ్వు వచ్చాక కూడా ఆ పిప్పి మాత్రం వాళ్ళ వెంటే గిద్దలూరు వచ్చింది. "పారేస్తావా? ఇంకా సారముంది దాంట్లో," అని అత్త పిప్పిని ఒడ్లగింజల్లా కాపాడేది. అంత సారముంటే అది మామకెందుకు పోయలేదని రమణి ఒక్కనాడూ అడగలేదు. నెలనెలా జీతం తెచ్చి ఇంట్లో ఇస్తూ, పొద్దున్నే గుమ్మం పక్కన నిలబడి, ఆ రెండో నీళ్ళు గటగటా తాగి, ఆటో కోసం పరుగెత్తింది.

అట్లాంటి మనిషికి ఆకు టీ ఎట్లా పట్టుబడిందంటే, బడి పిల్లలను తీసుకుని టీచర్లు ఊటీ వెళ్ళారు. రమణి తెలుగు టీచరు, ఆమె స్నేహితురాలు గుల్నాజ్ హిందీ టీచరు, ఆడపిల్లలను చూసుకోవడానికి వాళ్ళిద్దరూ. అక్కడొక టీ ఫ్యాక్టరీలో కౌంటరు వెనక ఉన్న ఒకామె వచ్చీరాని తెలుగులో, "మీకు ఎట్లా ఇష్టం అమ్మా? లైట్‌గానా, స్ట్రాంగ్‌గానా?" అని అడిగింది.

"మా ఆయనకు స్ట్రాంగ్. మా అత్తకు చక్కెర ఎక్కువ," అంది రమణి.

"మీకు?" అని అడిగింది ఆమె మళ్ళీ.

రమణి నోరు తెరిచింది. నలభై దాటిన మనిషి, ఒక పద్యం చెప్పమంటే గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పగల మనిషి, తనకు టీ ఎట్లా ఇష్టమో చెప్పలేక దిక్కులు చూసింది. ఎవరో అందరి ముందు చెంప మీద కొట్టినట్టు ముఖం వేడెక్కింది. కౌంటరామె అదేమీ పట్టించుకోకుండా చిన్న చిన్న కప్పుల్లో పాలు లేని టీలు వరసగా పోసింది. జుర్రుమని చప్పుడు చేస్తూ పీల్చమంది, నోరంతా తిప్పి అప్పుడు మింగమంది. గుల్నాజ్ సిగ్గుపడి నవ్వుతూ నిలబడితే రమణి మాత్రం ఆరు కప్పులూ జుర్రింది. ఆరూ ఆరు రకాలుగా ఉన్నాయి. తన నాలుకకు ఇంత తెలుసా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

తర్వాత బడి అడ్రసుకు కొరియర్‌లో తెప్పించుకోవడం మొదలైంది. మొదటిసారి బోరు నీళ్ళతో పెట్టింది. మన బోర్లలో ఉప్పు సంగతి తెలిసిందే, బకెట్లే తెల్లగా గార కడతాయి. టీ పైన నూనె తెట్టులాగా పొర కట్టింది, నోట్లో సున్నం నాకినట్టు ఉంది. డబ్బు దండగ చేశానని తిట్టుకుంది. మర్నాడు ఎందుకో తాగే క్యాను నీళ్ళు కాచి పోసి చూసింది. అదే ఆకు, అదే కూజా. బంగారు రంగు నీళ్ళలోంచి, కొత్త చాట ముఖం దగ్గర పెట్టుకున్నట్టు వాసన వచ్చింది. "క్యాను నీళ్ళు టీకి పోస్తారా ఎవరన్నా? ఒళ్ళు పొగరు కాకపోతే," అంది నాగరత్నమ్మ. పొగరే అనుకుంది రమణి. ఆ పొగరు ఆమెకు బాగుంది.

బడి నుంచి తను వచ్చాక, మహేంద్ర కరెంటాఫీసు నుంచి రాకముందు, మధ్యలో ఒక అరగంట ఉండేది. ఆ అరగంట వెనక గుమ్మంలో కూర్చుని తాగేది. గిన్నె అడుగున ఆవగింజలంత బుడగలు లేచినప్పుడే స్టవ్వు కట్టేయాలని, కళపెళ మరిగితే ఆకు ఉడికి చేదెక్కుతుందని తనకు తానే తెలుసుకుంది. ఊలాంగ్ అనే ఒక టీలో వేయించిన కందిబేడల వాసన పట్టింది. తెల్ల టీ అని ఇంకోటి, వానకు తడిసి ఎండిన వరిగడ్డి వామి పక్కన నిలబడ్డట్టు ఉండేది. ఇవన్నీ చెప్పుకోవడానికి గుల్నాజ్ ఒక్కతే. ఇంట్లో అయితే మొదటిరోజే అత్త, "ఒక్కదానివే పెట్టుకున్నావా ఏమ్మే?" అని అడిగింది. పాలు లేవని, చక్కెర లేదని తెలిశాక మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. మహేంద్ర పగలబడి నవ్వాడు. "గడ్డి నీళ్ళు తాగుతావేంది? మన గొర్రెలు కూడా ముట్టవు వాటిని," అన్నాడు. వాకింగ్ వాళ్ళ దగ్గరా చెప్పి నవ్వించాడు. నవ్వనీ అనుకుంది రమణి. ఎవరికీ అక్కర్లేదు కాబట్టే అది ఆమెదైంది. ఆడదాని దగ్గర ఏదైనా మిగలాలంటే అది ఎవరికీ అక్కర్లేనిదై ఉండాలి. అప్పటికింకా ఆమెకు ఈ సంగతి తెలియదు. డబ్బాలను రాగిపిండి వెనక పెట్టుకుని హాయిగా ఉంది.

ఇంతలో మహేంద్రకు షుగరు వచ్చింది.

పాల టీ మానెయ్యమన్నాడు డాక్టరు. మహేంద్ర నాలుగు రోజులు అలిగి, అయిదో రోజు రాగిపిండి వెనక నుంచి డబ్బాలు బయటకు లాగాడు. అంతే, గడ్డి నీళ్ళు కాస్తా అమృతమైపోయాయి. నెల తిరక్కముందే ఆయన టీ పండితుడయ్యాడు. "గ్రీన్ టీ వేరు, వైట్ టీ వేరు సార్. బోరు నీళ్ళు పనికిరావు. కళపెళ మరిగితే చేదెక్కుతుంది," అని ఫోనులో ఎవరెవరికో చెప్తుంటే, రమణి వంటింట్లో నిలబడి తన మాటలు తనకే వినపడుతున్నందుకు విస్తుపోయేది. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నీళ్ళు కాచిన పాపాన పోలేదు. స్టవ్వు ఏ వైపు తిప్పితే వెలుగుతుందో కూడా అనుమానమే. అయినా ఆకు టీ ఆయనది, కాచిపెట్టే చేతులు మాత్రం ఆమెవి. డబ్బాలు షోకేసులోకి ఎక్కాయి. "వచ్చినోళ్ళకు కనపడాల," అన్నాడు. టీ కోసమని ఆఫీసు నుంచి తొందరగా రావడం మొదలుపెట్టాడు. అరగంటా పోయింది. ఆ వేళకు ఇప్పుడామె గుమ్మంలో కూర్చోదు, స్టవ్వు ముందు నిలబడుతుంది.

ఈ గొప్పలు అట్లా అట్లా బడిదాకా పాకాయి. "రమణి మేడమ్, రేపు పై ఆఫీసర్లు వస్తున్నారు. మీ ఇంట్లో ఏదో స్పెషల్ టీ ఉందంట కదా, ఫ్లాస్కులో తెస్తారా?" అన్నాడు హెడ్మాస్టరు. ఆ బడిలో ఉన్న మగ టీచర్ల ఇళ్ళల్లో స్టవ్వులు లేవు కాబోలు. ఆమె పాఠం చెప్తుంటే పదో తరగతి పిల్లలు గంట కొట్టినా లేవరు, ఆ సంగతి వచ్చిన ఆఫీసర్లకు ఎవరూ చెప్పలేదు. "మేడమ్ చేతి టీ తాగాల్సిందే సార్," అని మాత్రం చెప్పారు. గుల్నాజ్ పళ్ళు నూరింది. రమణి కప్పులందించింది.

అన్నీ సర్దిచెప్పుకోవడంలో రమణి గట్టిది. రెండో నీళ్ళకే ఆకు పూర్తిగా విచ్చుకుంటుందని, మొదటిది ఉత్త హడావిడని తనకు తాను చెప్పుకుంది. ఊలాంగ్ విషయంలో అది నిజం కూడా. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా అబద్ధమంతా ఈదేసింది. ఒకసారి గుల్నాజ్‌కు కూడా చెప్పింది, "నాకు రెండోదే ఇష్టంలే," అని. గుల్నాజ్ ఆమె ముఖంలోకి అదోలా చూసి ఊరుకుంది.

శుక్రవారం స్టాఫ్ రూములో, ఆదివారం వచ్చే అతిథుల సంగతి విన్నాక మాత్రం ఊరుకోలేదు.

"ఆఖరిది కదక్కా. నువ్వే పెట్టుకుని తాగెయ్యి. ఎవరాపుతారు?"

"ఎవరూ ఆపరు."

"షోకేసుకు తాళమేసినారా?"

"లేదు."

"అట్లయితే తప్పు నీదే పో," అనేసి గుల్నాజ్ క్లాసుకు వెళ్ళిపోయింది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ రమణి గుల్నాజ్‌ను తిట్టుకుంది. దానికేం తెలుసు, అత్త లేని కాపురం. కానీ దిగువమెట్ట కొండలు కనిపించే చోటికి వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. నిజమే, తాళం లేదు. ఎందుకుంటుంది? తాళం పెట్టాల్సిన అవసరం వాళ్ళకు ఎన్నడు కలిగింది గనక? ఆమె చెయ్యి డబ్బా దాకా పోతుంది. అక్కడ "ఒక్కదానివే పెట్టుకున్నావా?" అనే గొంతు ఒకటి ఉంటుంది. చెయ్యి దానంతటదే ఇంకో ఐదు కప్పులు తీస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ గట్టిగా అరవకుండానే ఆమె దేనికీ చెయ్యి చాపకుండా బతికేసింది. పైగా దాన్ని తన మంచితనమని అనుకుంది. ఈ ముక్క తట్టేసరికి రమణికి మహేంద్ర మీద కంటే తన మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఆటోవాడు చిల్లర ఇవ్వబోతే తీసుకోకుండానే దిగిపోయింది.

శనివారం సాయంత్రం ఆదివారం బజ్జీలకు శనగపిండి జల్లిస్తోంది. హాల్లో మహేంద్ర ఫోనులో సంజీవరావుతో మాట్లాడుతున్నాడు. అవతల ఆయన ఏదో మర్యాదకు అడిగినట్టున్నాడు.

"మేడమా? అయ్యో, ఆమెకు రెండో నీళ్ళే ఇష్టం సార్," అని నవ్వాడు మహేంద్ర. "మొదటిదిస్తే తాగదు. ఆడోళ్ళకు రెండో నీళ్ళే రుచి."

జల్లెడ చేతిలోనే ఆగిపోయింది. అదే మాట. రాచర్ల అవతలి పల్లెలో, పేడ చేతులు కడుక్కుని గ్లాసు పట్టుకున్న నాటి మాట. అక్షరం మారలేదు. అప్పుడు నాగరత్నమ్మ అన్నది, ఇప్పుడు ఆమె కొడుకు అంటున్నాడు, మధ్యలో ఎవరూ అనకపోయినా రమణే అనుకుంది. గుల్నాజ్‌తో అననే అనింది. వాళ్ళు పిప్పి ఇవ్వడం ఒక ఎత్తు, అది తనకిష్టమని తన నోటితోనే అనిపించుకోవడం ఇంకో ఎత్తు. హాల్లోకి పోయి ఆ ఫోను లాక్కుని గోడకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. శనగపిండి జల్లించింది, డబ్బాలో పోసి మూత పెట్టింది. అయితే చేతులు ఆ పని చేస్తున్నంతసేపూ మనసు ఇంకో పని పూర్తి చేసింది.

ఆదివారం పొద్దున వాళ్ళు వచ్చారు. సంజీవరావు లావుపాటి పెద్దమనిషి, మహేంద్రకు పై ఆఫీసరు, నిజానికి మంచివాడే. వాకింగ్ వాళ్ళిద్దరూ చెమట తుడుచుకుంటూ ఫ్యాను కింద కూర్చున్నారు. "రమణీ, టీ!" అన్న కేక వంటింట్లోకి వచ్చింది. నాగరత్నమ్మ పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

రమణి క్యాను నీళ్ళు పెట్టింది. ఆవగింజలంత బుడగలు లేవగానే స్టవ్వు కట్టేసింది. డబ్బా బోర్లించి ఉన్న ఆకంతా గాజు కూజాలో వేసింది. నీళ్ళు మాత్రం కూజాలో సగానికే పోసింది. ఆకు మెల్లగా లేచి, తిరిగి, పచ్చగా విచ్చుకుంది. అతిథులకని దాచిన పూల కప్పులు రెండు తీసి, వడకట్టి పోసింది. సరిగ్గా రెండు నిండాయి. ఒకటి తీసుకెళ్ళి అత్త చేతికిచ్చింది.

"ముందు వాళ్ళకియ్యి," అంది నాగరత్నమ్మ.

"వాళ్ళకు తర్వాత."

"మొగోళ్ళు కూర్చోనుండంగా మనం తాగేదేంది? మతిపోయిందా నీకు?"

"తాగత్తా. చల్లారితే బాగుండదు."

ముసలామె కప్పు కింద పెట్టబోయింది. ఆవిరి ముఖానికి తగిలింది. పెట్టబోయిన చెయ్యి ఆగింది.

రమణి స్టూలు లాక్కుని కూర్చుంది. స్టూలుందని, వంటింట్లో కూర్చోవచ్చని ఆ రోజే గుర్తొచ్చినట్టుంది. జుర్రుమని చప్పుడు చేస్తూ పీల్చింది. ముందు మామిడి పూత వాసన. తర్వాత పండీ పండని ద్రాక్ష తొక్క వగరు. మింగాక, ఇంకా మింగాక, గొంతులో ఎక్కడో సన్నగా తీపి మిగిలింది. సంతోషంగా ఉంటుందనుకుంది. కళ్ళు మూసుకుని హాయిగా తాగుతానని నిన్న రాత్రంతా అనుకుంది. రెండో గుక్కకే కోపం తన్నుకొచ్చింది. ఇంత బాగుంటుందా ఇది! ఇంత బాగుండేదాన్నా తన చేతులతో వడకట్టి, పళ్ళెంలో పెట్టి, ఆదివారం ఆదివారం అవతలకు పంపింది? దీన్నా ఆ మనిషి ఫోను చూసుకుంటూ, సగం తాగి, సగం చల్లార్చి వదిలేసింది? కప్పు అడుగున మిగిలిన ఆ సగాలను సింకులో పారబోసి, కడిగి, తర్వాత తను పిప్పి నీళ్ళు తాగింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. దుఃఖం కాదు అది, ఉత్త కోపం. తుడుచుకోకుండానే తాగింది.

"ఇదేనా వాళ్ళు తాగేది?" అని అడిగింది నాగరత్నమ్మ. ఆమె కప్పులో సగం అయిపోయింది.

"ఇదే."

"మరి నాకు నువ్వు పోసేది?"

"రెండో నీళ్ళు. నేను తాగేదీ అవే."

ముసలామె కప్పులోకి చూస్తూ ఇంకో గుక్క తాగింది. చక్కెర లేదని గానీ, పాలు లేవని గానీ అనలేదు.

"మీ మామకు పోసిన టీ నేనెన్నడూ నాలిక మీద ఏసుకోలే," అంది. "కాచిన చేతులే గాని, దాని రుచేందో తెలీదు. చక్కెర చాలింది, చాల్లేదు అని ఆయనే చెప్పాల. చాలకపోతే గ్లాసు ఇసిరేసేటోడు. ఇదో, ఈడ తగిలింది ఒకపారి." కనుబొమ్మ పైన వేలు పెట్టి చూపించింది. ఆ మచ్చ రమణి ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉంది. గేదె కొమ్ము తగిలిందని చెప్పేవారు.

హాల్లోంచి మళ్ళీ కేక వచ్చింది. రమణి లేచి, అదే ఆకులో కూజా నిండా వేడి నీళ్ళు పోసింది. రంగు దిగాక నాలుగు కప్పుల్లో వడకట్టి, బజ్జీల ప్లేటుతో పాటు తీసుకెళ్ళింది.

"వాసన చూడండి సార్ ముందు," అన్నాడు మహేంద్ర, కప్పు ముక్కు దగ్గర తిప్పుతూ. "డార్జిలింగ్. ఏడాదికొక్కసారే. దీన్ని మొదటి నీళ్ళే తాగాల. రెండోసారికి ఏముండదు, ఉత్త కుడితి." ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ! చూసినారా, ఆ స్మూత్‌నెస్సు?"

"బ్రహ్మాండంగా ఉందయ్యా," అన్నాడు సంజీవరావు. మిగతా ఇద్దరూ తలలూపారు.

రమణి ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఇంతటితో లోపలికి వెళ్ళిపోవచ్చు. గెలిచింది. జీవితాంతం ఈ ఒక్క ఆదివారాన్ని తలుచుకుని లోలోపల నవ్వుకోవచ్చు. గుల్నాజ్‌కు చెప్పి ఇద్దరూ నవ్వుకోవచ్చు. కానీ లోలోపల నవ్వుకోవడం, చాటుగా గెలవడం, ఇవి కూడా పిప్పిలాంటివే కదా అనిపించింది. వాళ్ళు తాగి వదిలేశాక మిగిలిన చోట బతకడమే కదా. అది కూడా ఆమెకిప్పుడు వద్దు.

"అవి రెండో నీళ్ళండీ," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మహేంద్ర కళ్ళు తెరిచి, నవ్వబోయి, ఆగాడు. "ఏంది?"

"మీరు తాగుతున్నవి రెండో నీళ్ళు. డబ్బా అయిపోయింది."

"తమాషానా?"

"కాదు."

వాకింగ్ వాళ్ళలో ఒకాయన కప్పులోకి తొంగి చూశాడు. సంజీవరావు దగ్గి బజ్జీ తీసుకున్నాడు. మహేంద్ర ముఖం ముందు తెల్లబడింది, తర్వాత మెడ మీదుగా ఎరుపెక్కింది. ఆ ఎరుపు రమణికి తెలుసు. అతిథులు వెళ్ళాక తలుపులు వేసి మొదలయ్యే మాటలు కూడా తెలుసు. పరువు తీసినావు. మా సార్ ముందు నన్ను వెధవను చేసినావు. ఉద్యోగం చేస్తున్నానని కళ్ళు నెత్తికెక్కినాయి. అన్నీ ముందే వినేసినట్టు ఉంది. అయినా కాళ్ళు వంటింటి వైపు తిరగలేదు. అక్కడే నిలబడి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"మరి మొదటి నీళ్ళేమైనాయి?" అన్నాడాయన, పళ్ళ మధ్య నుంచి. "పారబోసినావా?"

పారబోసి ఉంటుందని అనుకోగలిగాడు. సింకులో, మట్టిలో, కుడితి తొట్టిలో పోసి ఉంటుందని అనుకోగలిగాడు. ఇంకొకటి ఆ మనిషి ఊహకు కూడా అందలేదు. రమణి జవాబు చెప్పబోయింది. ఈలోగా వెనక, వంటింటి గుమ్మంలో, గోడ పట్టుకుని లేచి వచ్చిన నాగరత్నమ్మ నిలబడి ఉంది. చేతిలో పూల కప్పు ఇంకా ఉంది.

"తాగినాం రా," అంది.